శిక్ష పడిందట... చెప్పకూడదట!

పోలీస్ ఠాణాలో స్టేషన్ హౌస్ ఆఫీసర్ గదిలోకి వెళితే, కుర్చీ వెనక గోడకు సాధారణంగా ఒక బోర్డు కనిపిస్తుంది. ఆ ఠాణాకు ఇప్పటిదాకా వచ్చిన అధికారుల పేర్లు, ఎప్పటి నుంచి ఎప్పటి వరకు ఉన్నారో తేదీలు వరసగా రాసి ఉంటాయి. కొందరు రెండేళ్ళు పనిచేసి ఉంటారు, కొందరు నాలుగు నెలలకే వెళ్ళిపోయి ఉంటారు. ఆ నాలుగు నెలల మనిషి పదోన్నతి మీద వెళ్ళాడా, బదిలీ మీదా, సస్పెండ్ అయ్యాడా, పోస్టింగ్ లేకుండా వీఆర్‌లో (వేకెన్సీ రిజర్వ్) పెట్టారా అన్నది బోర్డు చెప్పదు. ఠాణా చుట్టుపక్కల టీకొట్లలో మాత్రం అందరికీ తెలుసు, తెలిసినట్టే మాట్లాడుకుంటారు కూడా. అందులో నిజమెంతో, ఎవరు ఎందుకు పుట్టించారో తేల్చుకోవడానికి దారి లేదు. నిజం చెప్పగలిగిన కాగితం కమిషనరేట్ ఫైళ్ళలో ఉంటుంది. దాన్ని చూపించమని అడిగితే అది ఆ అధికారి వ్యక్తిగత సమాచారం అంటారు. ఈ వాదన ఎంతవరకు నిలుస్తుందో చూద్దామన్నదే ఈ కథనం. నా అభిప్రాయం ముందే చెబుతాను: ప్రజలతో వ్యవహరించడంలో జరిగిన తప్పుల మీద విచారణ ముగిసి తుది ఉత్తర్వు వెలువడిన ప్రతి క్రమశిక్షణ చర్యనూ, ఎవరి మీద, ఏ అభియోగానికి, ఏ ఫలితంతో ముగిసిందో అన్నంతవరకు, ఎవరూ అడగకముందే పోలీసు శాఖ బయటపెట్టాలి.

ఈ విషయం హైదరాబాద్ ఉత్తరపు అంచున జవహర్‌నగర్ లాంటి చోట నిలబడి ఆలోచిస్తే దాని బరువు తెలుస్తుంది. రాజధాని చెత్తంతా వచ్చి పడే డంపింగ్ యార్డు పేరుతో బయటివాళ్ళకు తెలిసిన ఊరు ఇది. లోపల ఉండేవాళ్ళకు అసలు సమస్య నేల. ఎక్కువ భాగం ప్రభుత్వ భూమి. దాని మీద అరవై గజాలు, వంద గజాలు చొప్పున వెలిసిన ఇళ్ళు. రిజిస్ట్రేషన్ కాని స్థలం నోటరీ కాగితం మీద చేతులు మారుతుంది. ఒకే స్థలానికి ఇద్దరు కాగితాలు పట్టుకొస్తే, కోర్టుకు వెళ్ళే స్తోమత లేనివాళ్ళు ముందు తొక్కేది ఠాణా గడపే. అక్కడ కూర్చున్న ఎస్సై 'ఇది సివిల్ తగాదా, మాకు సంబంధం లేదు' అనవచ్చు, కేసు కట్టవచ్చు, ఇద్దరినీ కూర్చోబెట్టి 'సెటిల్' చేయవచ్చు. ఈ మూడింటిలో ఏది చేస్తాడన్న దాని మీద ఒక కుటుంబం తలదాచుకునే చోటు ఆధారపడి ఉంటుంది. పోలీసులకూ ఇది తేలికైన చోటు కాదు. 2020 డిసెంబరులో ఇక్కడే ప్రభుత్వ స్థలంలో ఆక్రమణలు తొలగించడానికి వెళ్ళినప్పుడు రేగిన మంటల్లో ఇన్‌స్పెక్టర్ ఒళ్ళు కాలింది. అంటే ఇక్కడ పోలీసు చేతిలో అధికారమూ ఎక్కువే, నెత్తిన ప్రమాదమూ ఎక్కువే. అలాంటి కుర్చీలో కూర్చునే మనిషి గురించి జనానికి తెలిసేది పేరు, హోదా, మొబైల్ నంబరు.

అదే జనం గురించి ఠాణాకు ఎంత తెలుసో చూడండి. ఒకరి మీద ఫిర్యాదు రాగానే ఎఫ్‌ఐఆర్ నమోదవుతుంది. సున్నితమైన నేరాలు మినహా మిగతా ఎఫ్‌ఐఆర్‌లను 24 గంటల్లో వెబ్‌సైట్‌లో పెట్టాలని 2016లో సుప్రీంకోర్టు యూత్ బార్ అసోసియేషన్ కేసులో ఆదేశించింది. నిందితుడి పేరు, తండ్రి పేరు, ఇంటి చిరునామా, మోపిన సెక్షన్లు అన్నీ అందులో ఉంటాయి. నేరం రుజువు కావడం మాట అటుంచి, దర్యాప్తే ఇంకా మొదలై ఉండదు. ఇక రౌడీషీటు సంగతి సరేసరి. పోలీసు స్టాండింగ్ ఆర్డర్ 601 కింద ఒక మనిషి మీద షీటు తెరవడానికి శిక్ష పడి ఉండాలన్న నియమం లేదు. ఉమ్మడి రాష్ట్రంలోనూ, తర్వాతా హైకోర్టు ఎన్నిసార్లు మందలించినా ఆ షీట్లు ఏళ్ళ తరబడి నడుస్తూనే ఉంటాయి. నెలనెలా వచ్చి కనిపించమంటారు, పండగొస్తే బైండోవర్ చేస్తారు, ఎన్నికలొస్తే ఇంటికొచ్చి చూసిపోతారు. రుజువు కాని ఆరోపణతో ఒక పౌరుడి చరిత్రను ఊరంతటికీ తెలిసేలా రాసిపెట్టుకునే వ్యవస్థ, రుజువై శిక్ష పడిన తన ఉద్యోగి చరిత్ర దగ్గరికి వచ్చేసరికి గోప్యత గురించి మాట్లాడుతోంది. గోప్యత విలువైనదే. దాన్ని ఎవరికి ముందు ఇవ్వాలన్న వరస మాత్రం తలకిందులైంది.

శాఖాపరమైన చర్య ఎలా నడుస్తుందో కొంచెం తెలిస్తే తప్ప ఏది దాచారో అర్థం కాదు. పోలీసులకైనా మిగతా రాష్ట్ర ఉద్యోగులకైనా ప్రధానంగా వర్తించేది 1991 నాటి సివిల్ సర్వీసుల వర్గీకరణ, నియంత్రణ, అప్పీలు నియమావళి. తప్పు చేశాడనిపిస్తే ముందు మెమో, దానికి సంజాయిషీ. అది చాలకపోతే చార్జిమెమో ఇచ్చి విచారణాధికారిని వేస్తారు. సాక్షులను పిలుస్తారు, నివేదిక రాస్తారు, చివరికి ఉత్తర్వు వస్తుంది. శిక్షల్లో చిన్నవి మందలింపు, ఇంక్రిమెంటు నిలుపుదల, జీతంలోంచి రికవరీ. పెద్దవి హోదా తగ్గింపు, నిర్బంధ పదవీ విరమణ, తొలగింపు, బర్తరఫ్. గమనించండి, విచారణ తేలకముందు వేసే సస్పెన్షన్ శిక్ష కాదు. విచారణకు అడ్డు రాకుండా పక్కన కూర్చోబెట్టడం మాత్రమే. 'హెడ్‌క్వార్టర్స్‌కు అటాచ్' చేయడమూ, వీఆర్‌లో పెట్టడమూ కూడా అంతే. విడ్డూరమేమిటంటే శిక్ష కానివే పత్రికలకెక్కుతాయి. ఏదైనా గొడవ జరిగిన మర్నాడు 'సీఐ సస్పెన్షన్' అని కమిషనరేట్ ప్రెస్‌నోట్ ఇస్తుంది, టీవీల్లో స్క్రోలింగ్ నడుస్తుంది, కోపం చల్లారుతుంది. ఆ తర్వాత చార్జిమెమోలో ఏం రాశారు, విచారణలో ఏం తేలింది, ఇంక్రిమెంటు పోయిందా, ఉద్యోగం పోయిందా, ఏమీ కాకుండా మరో జిల్లాలో పోస్టింగ్ దొరికిందా అన్న అసలు కథ చెప్పే ప్రెస్‌నోట్ రాదు. తొందరపాటు ఆరోపణకు ప్రచారం, నిదానంగా తేల్చిన నిజానికి తాళం.

జవహర్‌నగర్ ఠాణా ఏ కమిషనరేట్ కింద నడిచిందో, ఆ రాచకొండ పరిధిలోనే 2021 జూన్ 18న అడ్డగూడూరు ఠాణాలో మరియమ్మ అనే దళిత మహిళ పోలీసుల అదుపులో చనిపోయింది. ఆమె మీద ఉన్నది దొంగతనం ఆరోపణ. ఊరూవాడా మండిపడ్డాక ఎస్సైనీ ఇద్దరు కానిస్టేబుళ్ళనూ ముందు సస్పెండ్ చేశారు, జులైలో ఏకంగా ఉద్యోగాల్లోంచి తొలగించారు. విషయం హైకోర్టు దాకా వెళ్ళింది. 2023 ఫిబ్రవరిలో మెదక్ పోలీసులు గొలుసు దొంగతనం అనుమానంతో తీసుకెళ్ళిన ఖదీర్‌ఖాన్ గాంధీ ఆసుపత్రిలో చనిపోయినప్పుడూ సస్పెన్షన్లు జరిగాయి, హైకోర్టు తనంతట తాను కేసు చేపట్టింది. ఈ రెండూ పత్రికలు వదలకుండా పట్టుకున్న ఉదంతాలు కనుక కొంతవరకైనా తెలిసింది. చావు దాకా పోని దెబ్బలు, కట్టని కేసులు, డబ్బు తీసుకుని మార్చిన వాంగ్మూలాలు, అర్ధరాత్రి ఖాళీ చేయించిన గదులు ఇంతకు ఎన్నో రెట్లు ఉంటాయి. వాటిలో కొన్నింటికి శాఖ నిజంగానే శిక్షలు వేస్తుంది. పోలీసు శాఖలో క్రమశిక్షణ లేదన్న మాట నేను అనను. మిగతా శాఖలతో పోలిస్తే ఇక్కడే చార్జిమెమోలు ఎక్కువని ఆ శాఖ వాళ్ళే వాపోతుంటారు. ఆ శిక్ష సంగతి దెబ్బ తిన్నవాడికి కూడా తెలియకపోవడమే నా ఫిర్యాదు.

ఈ తాళం ఎవరు వేశారంటే, చాలావరకు 2012 అక్టోబరు 3 నాటి ఒక తీర్పు. గిరీష్ రామచంద్ర దేశ్‌పాండే అనే వ్యక్తి మహారాష్ట్రలోని అకోలాలో పనిచేసిన ప్రావిడెంట్ ఫండ్ శాఖ అధికారి ఒకరికి ఇచ్చిన మెమోలు, షోకాజ్ నోటీసులు, పడిన శిక్షల నకళ్ళు, ఆస్తుల వివరాలు సమాచార హక్కు చట్టం కింద అడిగారు. ఇవి ప్రధానంగా ఉద్యోగికీ యజమానికీ మధ్య వ్యవహారమనీ, సెక్షన్ 8(1)(జె) ప్రకారం వ్యక్తిగత సమాచారమనీ, విస్తృత ప్రజా ప్రయోజనం చూపిస్తే తప్ప ఇవ్వనక్కర్లేదనీ సుప్రీంకోర్టు ఇద్దరు న్యాయమూర్తుల ధర్మాసనం చెప్పింది. చిన్న తీర్పు అది. పీఎఫ్ అధికారి ఆదాయపు పన్ను రిటర్నులనూ, అతని ఉద్యోగ శిక్షలనూ ఒకే మూటగా కట్టి తేల్చేసింది. ఆ తర్వాత ఏ ఆఫీసులో ఏ ఉద్యోగి శిక్ష గురించి అడిగినా సమాచార అధికారులు ఈ తీర్పు పేరు రాసి దరఖాస్తు మూసేయడం అలవాటు చేసుకున్నారు. పీఎఫ్ ఖాతాలు చూసే అధికారికీ, రాత్రిపూట మనిషిని ఇంట్లోంచి తీసుకుపోగల ఎస్సైకీ తేడా ఉందని ఎవరూ ఆగి ఆలోచించలేదు. పీఎఫ్ అధికారి తప్పు చేస్తే డబ్బు ఆలస్యమవుతుంది. లాఠీ, తుపాకీ, సంకెళ్ళు, లాకప్ తాళంచెవి రాజ్యం తరఫున పట్టుకున్నవాడి తప్పు అతనికీ అతని కమిషనర్‌కూ మధ్య వ్యవహారం మాత్రమే అనడం ఎలా కుదురుతుంది? ఆ తప్పు మోపింది మూడో మనిషి ఒంటి మీద కదా.

ఆ తీర్పులో కనీసం 'విస్తృత ప్రజా ప్రయోజనం' అనే కిటికీ ఉండేది. 2019 నవంబరులో అయిదుగురు న్యాయమూర్తుల రాజ్యాంగ ధర్మాసనం సుభాష్ చంద్ర అగర్వాల్ కేసులో ఆ కిటికీని కొంచెం పెద్దది చేసి, ప్రతి సందర్భంలోనూ గోప్యతనూ ప్రజా ప్రయోజనాన్నీ తూచి చూడాలంది. 2023లో వచ్చిన డిజిటల్ వ్యక్తిగత సమాచార రక్షణ చట్టం ఆ తూకం రాళ్ళనే తీసేసింది. దాని 44(3) సెక్షన్ సమాచార హక్కు చట్టాన్ని సవరించి, 'వ్యక్తిగత సమాచారానికి సంబంధించినది' అయితే చాలు ఇవ్వనక్కర్లేదని కుదించింది. చట్టసభకు నిరాకరించలేని సమాచారాన్ని పౌరుడికీ నిరాకరించకూడదన్న మంచి వాక్యం కూడా అందులోనే పోయింది. 2025 నవంబరులో ఈ సవరణ అమల్లోకి వచ్చింది. మిగిలిందల్లా 8(2) సెక్షన్: వెల్లడి వల్ల కలిగే ప్రజా ప్రయోజనం నష్టం కన్నా ఎక్కువైతే మినహాయింపులున్నా సమాచారం ఇవ్వవచ్చు. ప్రభుత్వం వాళ్ళు దీన్ని చూపించే, ఏమీ పోలేదంటున్నారు. ఉన్నమాటే, కాదనను. అయితే 8(2) అధికారి విచక్షణకు వదిలిన 'ఇవ్వవచ్చు'. పైఅధికారి శిక్ష కాగితాన్ని కింది సమాచార అధికారి తన విచక్షణతో బయటపెడతాడని ఆశ పెట్టుకోవడానికి చాలా పెద్ద మనసు కావాలి.

ఇదే సమాచార హక్కు చట్టంలో 4(1)(బి) సెక్షన్ ఉంది. ప్రతి అధికారి, ఉద్యోగి నెల జీతం ఎంతో ప్రభుత్వ సంస్థ తనంతట తానే ప్రకటించాలని అది చెబుతుంది. ఇన్‌స్పెక్టర్ జీతం జనానికి తెలియవచ్చునట. ఆ జీతంలో ఒక ఇంక్రిమెంటు ఎందుకు కోశారో తెలియకూడదట!

తెలిస్తే ఏమవుతుంది? శాఖ కుప్పకూలుతుందా? దానికి జవాబు మన రాష్ట్రంలోనే దొరికింది. 2019 డిసెంబరు 6న షాద్‌నగర్ దగ్గర చటాన్‌పల్లిలో దిశ అత్యాచారం, హత్య కేసు నిందితులు నలుగురు ఎన్‌కౌంటర్‌లో చనిపోయారు. సుప్రీంకోర్టు జస్టిస్ వి.ఎస్. సిర్పూర్కర్ అధ్యక్షతన కమిషన్ వేసింది. 2022 మేలో నివేదిక కోర్టు ముందుకు వచ్చినప్పుడు, దాన్ని సీల్డ్ కవర్‌లోనే ఉంచమని రాష్ట్ర ప్రభుత్వ న్యాయవాది కోరారు. మన తెలుగువాడే అయిన ప్రధాన న్యాయమూర్తి ఎన్.వి. రమణ ధర్మాసనం ఒప్పుకోలేదు. దాదాపు 400 పేజీల నివేదిక అందరికీ అందుబాటులోకి వచ్చింది. పోలీసులు చంపాలన్న ఉద్దేశంతోనే కాల్చారనీ, పదిమంది మీద హత్యానేరం కింద విచారణ జరగాలనీ అందులో ఉంది, పేర్లతో సహా. ఎన్‌కౌంటర్ రోజు పూలు చల్లినవాళ్ళకు అది నచ్చలేదు. అందులో పేరున్న అధికారులు దాన్ని హైకోర్టులో సవాలు చేశారు, అది వాళ్ళ హక్కు. ఈ కథలో నాకు ముఖ్యమనిపించింది ఒక్కటే: పోలీసు అధికారుల ప్రవర్తన మీద ఇంత తీవ్రమైన పత్రం పేర్లతో సహా బయటికి వచ్చినా శాఖ మర్నాడూ పనిచేసింది, ఆ మర్నాడూ పనిచేసింది. జనం దాన్ని చదివి ఒప్పుకున్నారు, విభేదించారు, తిట్టుకున్నారు. మాట్లాడుకోవడానికి పుకారుకు బదులు పేజీ నంబర్లు దొరికాయి.

మిగతా చరిత్ర ఇందుకు సరిగ్గా వ్యతిరేకం. 1978లో హైదరాబాద్ నల్లకుంట ఠాణాలో ఒక మహిళపై అత్యాచారం, ఆమె భర్త మృతి నగరాన్ని తగలబెట్టాయి. జస్టిస్ ముక్తదర్ కమిషన్ పోలీసులను తప్పుపట్టింది. కేసు కర్ణాటకలోని రాయచూరుకు మారి, అక్కడ నిందితులంతా నిర్దోషులుగా బయటపడ్డారు. 2007 ఆగస్టులో విశాఖ మన్యంలో వాకపల్లి ఆదివాసీ మహిళలు గ్రేహౌండ్స్ సిబ్బంది మీద చేసిన ఫిర్యాదు 2023 ఏప్రిల్‌లో అలాగే ముగిసింది. దర్యాప్తు సరిగా జరగలేదని చెబుతూనే విశాఖ ప్రత్యేక కోర్టు నిందితులను విడిచిపెట్టింది, బాధితులకు పరిహారం ఇవ్వమంది. దర్యాప్తు చెడగొట్టినవాళ్ళ మీద చర్య సంగతి ప్రభుత్వ యంత్రాంగానికి వదిలింది. ఇలా యంత్రాంగానికి వదలడం ఒక్క కోర్టు పద్ధతి కూడా కాదు. 2014 జనవరిలో గుజరాత్ ప్రభుత్వం వర్సెస్ కిషన్‌భాయ్ కేసులో సుప్రీంకోర్టు ప్రతి రాష్ట్రానికీ ఒక ఆదేశం ఇచ్చింది: కేసు వీగిపోయిన ప్రతిసారీ ఎందుకు వీగిందో పరిశీలించండి, దర్యాప్తు అధికారి నిర్లక్ష్యం తేలితే శాఖాపరమైన చర్య తీసుకోండి. అంటే నేర విచారణ విఫలమైన చోట బాధితుడికి మిగిలే ఆఖరి జవాబు శాఖాపరమైన చర్యే. ఆ ఆఖరి జవాబు చీకట్లో ఇచ్చేదైతే, ఇచ్చారో లేదో ఎవరికి తెలుస్తుంది? న్యాయస్థానాలు నమ్మకంతో అప్పగించిన బాధ్యతను సరిచూసే వీలు మళ్ళీ ఆ న్యాయస్థానాలకే ఉండదు, ఎవరో ఒకరు పిటిషన్ వేస్తే తప్ప.

అభ్యంతరాల్లో మొదటిది అబద్ధపు ఫిర్యాదులు. పోలీసు అన్నవాడు రోజూ ఎవరో ఒకరికి కోపం తెప్పిస్తాడు. దొంగను పట్టుకుంటే దొంగ, పట్టుకోకపోతే సొత్తు పోయినవాడు పిటిషన్ పెడతారు. భూమి తగాదాలున్న చోట ఎదుటి పక్షానికి అనుకూలంగా ఉన్నాడని ఆకాశరామన్న ఉత్తరాలు సరేసరి. ఇవన్నీ వెబ్‌సైట్‌లో పెడితే నిజాయతీపరుడే ముందు నలుగుతాడన్నది న్యాయమైన భయం. అందుకే వచ్చిన ప్రతి పిటిషన్‌నూ ప్రచురించమని నేను అడగడం లేదు. ముగిసినవే బయటికి రావాలి. చార్జిమెమో ఇచ్చి, జవాబు విని, విచారణ జరిపి, అప్పీలు గడువు కూడా దాటాక వచ్చిన ఫలితం. నిర్దోషిగా తేలితే ఆ మాటా అదే పేజీలో, అంతే పెద్ద అక్షరాలతో. ఇప్పుడు నిర్దోషికి జరుగుతున్న అన్యాయం సంగతి ఎవరూ మాట్లాడరు. సస్పెన్షన్ అయినప్పుడు ఫొటోతో వార్త వచ్చిన ఎస్సై రెండేళ్ళ తర్వాత మచ్చ లేకుండా బయటపడితే, అతని పిల్లల స్కూల్లో ఆ సంగతి ఎవరికీ తెలియదు. అతను మళ్ళీ యూనిఫాం వేసుకున్నది పైరవీ వల్లేనని ఊరు తేల్చేస్తుంది. మూసిన ఫైలు ఇద్దరినీ ఒకేలా కనిపించేలా చేస్తోంది: తప్పు చేసి తప్పించుకున్నవాడినీ, తప్పు చేయక బయటపడినవాడినీ.

గోప్యత ప్రాథమిక హక్కని 2017లో పుట్టస్వామి తీర్పు చెప్పింది గనుక ఇక మాట్లాడేదేమీ లేదని కొందరంటారు. ఆ తీర్పు గోప్యతకు హద్దులు లేవనలేదు. అంతకు చాలా ముందే, 2002లో, ఎన్నికల్లో పోటీచేసే ప్రతి అభ్యర్థీ తన మీదున్న క్రిమినల్ కేసులనూ ఆస్తులనూ ఓటర్లకు చెప్పాలని సుప్రీంకోర్టు ఆదేశించింది. కార్పొరేటర్‌గా నిలబడే మనిషి పెండింగ్ కేసులు సైతం అఫిడవిట్‌లో రాస్తాడు. అధికారం కోరుకునేవాడికి ఉన్న నియమం అధికారం చేతిలో ఉన్నవాడికి వర్తించదా? పోలీసు అనారోగ్యం, అప్పులు, కాపురం గొడవలు ఎవరికీ అక్కర్లేదు. డ్యూటీలో, యూనిఫాంలో, ప్రభుత్వం ఇచ్చిన అధికారంతో చేసినది మాత్రం అతని సొంత విషయం కాదు. భద్రత మాటకొస్తే, ఇంటి చిరునామా, కుటుంబ వివరాలు, ఫిర్యాదుదారు పేరు, లైంగిక నేరాల్లో బాధితుల గుర్తింపు చెరిపేసి మిగతాది ఇవ్వడానికి సమాచార హక్కు చట్టం పదో సెక్షన్ ఇప్పటికే దారి చూపుతోంది. నక్సల్ వ్యతిరేక విధుల్లో, నిఘాలో ఉన్నవారికి ప్రత్యేక జాగ్రత్త ఉండాలంటే ఉండనివ్వండి. బందోబస్తు డ్యూటీ, రాత్రి గస్తీ, పిటిషన్ల విచారణ చేసే మామూలు ఠాణాకు గ్రేహౌండ్స్ ముసుగు ఎందుకు?

కింది నుంచి వచ్చే అభ్యంతరం ఒకటుంది, దాన్ని నేను పైవాటికన్నా గౌరవంగా వింటాను. శిక్షలు ఎప్పుడూ కానిస్టేబుళ్ళకూ, హెడ్‌కానిస్టేబుళ్ళకూ, మహా అయితే ఎస్సైలకూ పడతాయి. 'కాస్త గట్టిగా అడగండి' అని ఫోన్లో చెప్పిన పైఅధికారి పేరు ఏ చార్జిమెమోలోనూ ఉండదు. కనుక వెల్లడి అంటే చిన్నవాళ్ళను మరోసారి బజారుకీడ్చడమేనని వాళ్ళ భయం. రాజ్యాంగం 311(2)(బి) కింద, విచారణ జరపడం ఆచరణసాధ్యం కాదని రాసి నేరుగా బర్తరఫ్ చేసే అధికారం ఉంది కూడా. జనం ఆగ్రహంగా ఉన్నప్పుడు ఆ అధికారం ఎవరి మెడకు చుట్టుకుంటుందో ఊహించడం కష్టం కాదు. సరిగ్గా ఈ కారణం వల్లే తలుపులు తెరవాలి. హోదాలవారీగా ఎవరికి ఏ తప్పుకు ఏ శిక్ష పడిందో ఏటా ఒకచోట కనిపిస్తే, ఒకే రకం తప్పుకు కానిస్టేబుల్‌కు తొలగింపు, డీఎస్పీకి మందలింపు అన్న తేడా కాగితం మీదికి వస్తుంది. ఇప్పుడు ఆ కానిస్టేబుల్ కోర్టులో 'నాకొక్కడికే ఇంత శిక్షా' అని వాదించాలంటే పోల్చి చూపడానికి రెండో ఉత్తర్వు అతనికి దొరకదు. యూనియన్ పెట్టుకునే హక్కు కూడా లేని ఉద్యోగికి ఈ సమాచారం ఒక ఆయుధం.

అన్నిటికన్నా గట్టి అభ్యంతరం వేరే ఉంది. శిక్ష బయటికి వస్తుందంటే పైఅధికారులు శిక్షించడమే మానేస్తారు. చార్జిమెమో దాకా వెళ్ళకుండా నోటిమాటతో తిట్టి వదిలేస్తారు, బదిలీతో సరిపెడతారు, పెద్ద తప్పును చిన్న తప్పుగా రాస్తారు. ఇది జరగదని నేను చెప్పలేను, కొంత జరుగుతుంది. కానీ ఇప్పుడు జరుగుతున్నదేమిటి? అటాచ్, వీఆర్, లూప్‌లైన్ పోస్టింగ్ అనే మూడు మాటలతోనే కదా శాఖ సగం తప్పులను సర్దుతోంది. అందుకే శిక్షలతోపాటు, విచారణ లేకుండా మూసిన ఫిర్యాదుల లెక్కా, మూయడానికి కారణమూ ఠాణాల వారీగా రావాలి. ఇతర దేశాల్లో ఈ దారి ఉంది: ఇంగ్లండ్, వేల్స్‌లలో తీవ్రమైన క్రమశిక్షణ విచారణలు 2015 నుంచి బహిరంగంగా జరుగుతున్నాయి. బర్తరఫ్ అయినవారి పేర్ల జాబితా 2017 డిసెంబరు నుంచి ఉంది, ఎవరైనా వెతికి చూసుకోవచ్చు. రాజీనామా చేసి తప్పించుకోబోయినవారి మీద కూడా విచారణ సాగించే ఏర్పాటు చేశారు. న్యూయార్క్ రాష్ట్రం 1976లో పోలీసుల శిక్షల చిట్టాకు 50-ఎ అనే చట్టంతో తాళం వేసి, 2020 జూన్‌లో ఊడదీసింది. జార్జ్ ఫ్లాయిడ్ మెడ మీద మోకాలు పెట్టిన మినియాపొలిస్ పోలీసు మీద అంతకుముందు డజనుకు పైగా ఫిర్యాదులున్నాయని ఫ్లాయిడ్ చనిపోయాకే లోకానికి తెలిసింది. ఆ దేశాల్లో పోలీసులు బాగుపడిపోయారని ఎవరూ అనడం లేదు. అదే మనిషి మీద అదే రకం ఫిర్యాదు నాలుగోసారి వచ్చిందన్న సంగతి నాలుగో బాధితుడికి తెలిసే అవకాశం అక్కడ ఉంది, అంతే. ఆ 'అంతే' చిన్నదేమీ కాదు.

మన చట్టం పోలీసును ఎంత అనుమానంగా చూస్తుందో తలచుకుంటే ఆశ్చర్యం వేస్తుంది. పోలీసు ముందు చేసిన నేరాంగీకారం కోర్టులో చెల్లదు. బ్రిటిష్ కాలపు సాక్ష్యాధార చట్టంలోని 25వ సెక్షన్ నిన్నమొన్న వచ్చిన భారతీయ సాక్ష్య అధినియమంలో 23వ సెక్షన్‌గా చెక్కుచెదరకుండా ఉంది. కానిస్టేబుల్ నుంచి డీజీపీ దాకా అందరికీ ఒకటే నియమం. దెబ్బలు కొట్టి ఒప్పించే అధికారినీ, ముప్పై ఏళ్ళ సర్వీసులో చెయ్యెత్తని అధికారినీ విడదీసి చూసే సాధనం చట్టానికి లేక అందరినీ ఒకే గాటన కట్టింది. ఠాణాకొచ్చే జనమూ అదే చేస్తారు. కొత్త సీఐ ఎలాంటివాడో తెలియదు కనుక ముందు స్థానిక నాయకుడినో, మధ్యవర్తినో వెంటబెట్టుకుని వెళ్తారు. ఆ మధ్యవర్తి బతికేది సరిగ్గా ఈ తెలియనితనం మీదే. మంచి పేరు నిరూపించుకోగల చోటు ఉంటే ఆ మధ్యవర్తి అవసరం తగ్గుతుంది. పతకాలు, ఉత్తమ సేవా ప్రశంసలు, రివార్డుల జాబితా శాఖ ఏటా ఫొటోలతో విడుదల చేస్తూనే ఉంది. సర్వీసు రిజిస్టరులో కుడిపేజీ మాత్రమే చూపించి నమ్మమంటే నమ్మడం కష్టం.

దీనికి పార్లమెంటు కొత్త చట్టం చేయనక్కర్లేదు. 8(1)(జె) సవరణ అడిగినవాడికి నిరాకరించే వెసులుబాటు ఇస్తుంది గానీ, శాఖ తనంతట తాను ప్రకటించడాన్ని సమాచార హక్కు చట్టం నిషేధించడం లేదు. 4(2) సెక్షన్ ప్రకారం వీలైనంత సమాచారాన్ని అడగకుండానే ఇస్తూ పోవాలి. రాష్ట్ర ప్రభుత్వం సర్వీసు నియమాల్లోనే ఒక నిబంధన చేర్చి, తుది ఉత్తర్వు ప్రకటనను శిక్షా ప్రక్రియలో భాగం చేస్తే, వ్యక్తిగత సమాచార చట్టం అడిగే చట్టబద్ధమైన ఆధారమూ దొరుకుతుంది. 2006 ప్రకాశ్ సింగ్ తీర్పు రాష్ట్ర, జిల్లా స్థాయుల్లో పోలీసు ఫిర్యాదుల అథారిటీలు ఉండాలనీ, వాటి సిఫార్సులకు శాఖ కట్టుబడాలనీ చెప్పింది. సిఫార్సు ఏమైందో జనానికి కనిపించని చోట ఆ కట్టుబాటు కాగితానికే పరిమితం. సమాచార కమిషన్ మీద ఆశ పెట్టుకుందామంటే, తెలంగాణలో 2023 ఫిబ్రవరి నుంచి 2025 మే వరకు ఒక్క కమిషనర్ కూడా లేక అప్పీళ్ళు గుట్టలుగా పేరుకుపోయాయి. పది రూపాయల దరఖాస్తు పెట్టిన జవహర్‌నగర్ మనిషి మొదటి అప్పీలు, రెండో అప్పీలు దాటి ఆ గుట్టలో చేరేసరికి, అతను అడిగిన అధికారి మరో రెండు ఠాణాలు మారి ఉంటాడు. కనుక అడిగించుకోకుండా ఇవ్వడమే పద్ధతి కావాలి.

ఎంతకాలం చూపించాలన్నది నిజంగా తర్జనభర్జన పడాల్సిన విషయం. ఇరవై ఏళ్ళ క్రితం ఆలస్యంగా డ్యూటీకి వచ్చినందుకు పడిన మందలింపు ఒక మనిషిని రిటైరయ్యేదాకా వెంటాడకూడదు. అసలు ప్రజలతో సంబంధం లేని అలాంటి తప్పులు ఈ జాబితాలోకి రానే కూడదు. చిన్న శిక్షలు వాటి ప్రభావం నియమాల ప్రకారం ముగిసేవరకూ ఉంటే చాలు. కొట్టడం, అక్రమ నిర్బంధం, లంచం, కేసు కట్టకపోవడం, సాక్ష్యం మార్చడం లాంటి వాటికి పడిన పెద్ద శిక్షలు ఆ మనిషి యూనిఫాంలో ఉన్నంతకాలం ఉండాలి. అప్పీలులో గానీ హైకోర్టులో గానీ ఆ ఉత్తర్వు కొట్టివేస్తే, కొట్టివేసిన తీర్పును వారం లోపల అదే పేజీలో చేర్చే బాధ్యత ఎవరిదో పేరుతో, హోదాతో రాసిపెట్టాలి. అది చేర్చడంలో ఆలస్యం చేసిన అధికారికీ ఒక మెమో వెళ్ళాలి.